ఐసు ఫ్యాక్టరీ మేడ మీద నాలుగు తీగలు

బేస్ గిటార్‌కి నాలుగే తీగలుంటాయి. మా వైపు చాలామంది దృష్టిలో అది సగంలో ఆగిపోయిన గిటార్. "మిగతా రెండూ ఎప్పుడేయిస్తారండి?" అని మా మేత దుకాణానికి వచ్చిన రైతు ఒకాయన చాలా మర్యాదగా అడిగాడు. రొయ్యల మేత అమ్ముకునేవాడికి గిటార్ ఎందుకని అడగలేదు, అదే పదివేలు. వచ్చే పంటకి వేయిస్తానని చెప్పాను. ఆయన నమ్మాడు.

ఈ నాలుగింటిలో పైనుండేది బాగా లావు. కిందికి వచ్చేకొద్దీ సన్నబడతాయి. లావు తీగకు పుట్టుకతోనే నోరు పెద్దది, కాస్త తాకితే చాలు ఇల్లంతా వినపడుతుంది. చివరి సన్న తీగను ఎంత బతిమాలినా పొడిగా ఓ మాట అని ఊరుకుంటుంది. ఈ నాలుగూ ఒకే బలంతో, ఒకే గొంతుతో పలికేలా చూడటమే బేస్ వాయించేవాడి అసలు పని. తీగల కింద అయస్కాంతం పట్టీ ఒకటుంటుంది, దాన్ని పికప్ అంటారు. దానికి అటొకటి ఇటొకటి స్క్రూలుంటాయి. ఏ వైపు స్క్రూ తిప్పి పట్టీని పైకి లేపితే ఆ వైపు తీగల శబ్దం పెరుగుతుంది, దించితే తగ్గుతుంది. మిగతాది వేళ్ళ మీద ఆధారపడి ఉంటుంది. చెప్పడానికి ఇంతే. ఈ ఇంత పని కోసం నేను కోల్పోయిన ఆదివారాలను తలచుకుంటే మాత్రం నా మీద నాకే జాలి వేస్తుంది.

మా బ్యాండ్‌కి యజమాని, మేనేజరు, సౌండ్ ఇంజనీరు అన్నీ మా బావగారే, అంటే మా అక్క భర్త. భీమవరం అవతల ఆయనకు ఐసు ఫ్యాక్టరీ ఉంది. చుట్టుపక్కల చెరువుల్లో రొయ్యలు పట్టిన రోజున ఐసు దిమ్మలు అక్కడినుంచే వెళతాయి. ఆ ఫ్యాక్టరీ మేడ మీద గదిలో ఆదివారం మధ్యాహ్నాలు మేం సాధన చేస్తాం. బావగారు ఏమీ వాయించరు. మిక్సరు ముందు కూర్చుని నాబ్‌లు తిప్పుతారు. ఆయన తిప్పడమంటే పెంచడమే. తగ్గించడం ఆయన ఇంటావంటా లేదు. భోజనాల దగ్గర వడ్డించేటప్పుడు కూడా అంతే, చాలండి అని చెయ్యి అడ్డం పెడితే ఆ చేతి పక్కనుంచి ఇంకో గరిటె వేస్తారు.

కీబోర్డు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే మాస్టారిది. డ్రమ్స్ పళ్ళ డాక్టరుగారివి. రోజంతా నోళ్ళలో మెల్లగా పనిచేసిన కసి ఆయన అక్కడ తీర్చుకుంటారు. పాడేది మా మేనకోడలు, బావగారికి ఒక్కగానొక్క కూతురు. బేస్ నాది. నేనే ఎందుకంటే, నేను చేరేసరికి మిగతావన్నీ అయిపోయాయి.

మేనకోడలికి ఒక పాట ప్రాణం. అందులో చరణానికి ముందు అన్ని వాయిద్యాలూ ఆగిపోతాయి. బేస్ ఒక్కటే సన్న తీగ మీద నెమ్మదిగా మెట్లెక్కినట్టు ఎక్కుతుంది. అది ఆగిన స్వరం దగ్గర ఆ పిల్ల గొంతు అందుకోవాలి. లంగా వోణీల వయసు నుంచీ అక్కడికి రాగానే వెనక్కి తిరిగి నా వైపు చూసేది. నేను తల ఊపేవాణ్ణి. అందుకునేది. వందమంది విన్నా ఆ తిరిగి చూడటం మాత్రం నా ఒక్కడిదని లోలోపల నాకు గర్వంగా ఉండేది. ఈ మాట ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు.

ఆ పిల్లకు పాలకొల్లు సంబంధం కుదిరింది. నిశ్చితార్థం నాడు మా బ్యాండే వాయించాలని బావగారు పట్టుబట్టారు. అంతకుముందు ఆదివారం మేడ మీద గదిలో లావు తీగ సరిగా వినపడటం లేదని అందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. నేను ఆ వైపు స్క్రూ తిప్పి పికప్ లేపాను. ఇంకొంచెం అన్నారు. ఇంకొంచెం లేపాను. ఆఖరికి బావగారు తృప్తిగా తల ఊపారు.

ఫంక్షన్ హాలులో మొదటి పాటకే నేను లావు తీగ మీటగానే మంచినీళ్ళ సీసాలు బల్లల మీద నడవడం మొదలుపెట్టాయి. కాబోయే వియ్యంకుడుగారు గుండె మీద చెయ్యి వేసుకుని డాక్టరుగారి కోసం చూశారు. మా డాక్టరుగారు పళ్ళ డాక్టరు, పైగా డ్రమ్స్ బాదుతున్నారు. ఇక మేనకోడలి పాట వచ్చింది. చరణం ముందు అందరూ ఆగారు. నేను సన్న తీగ మీద ఎక్కుతున్నాను, కానీ అంతకుముందు మోగిన లావు తీగ హోరు ఇంకా హాలులోనే తిరుగుతోంది. సన్న తీగ నాకే వినపడలేదు. ఆ పిల్ల తిరిగి చూసింది. మధ్యలో డెకరేషన్ వాళ్ళు నిలబెట్టిన బంతిపూల గోపురం అడ్డం వచ్చింది. నేను తల ఊపిన సంగతి ఆ పువ్వులకే తెలుసు. పిల్ల అపస్వరంలో అందుకుంది, తడబడింది, సర్దుకుంది. పెళ్ళికొడుకు చెల్లెలు ఫోనులో అదంతా తీసింది.

మర్నాడు బావగారు కబురు పెట్టారు. వెళ్ళేసరికి మాస్టారు అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నారు. కాఫీ, కాజాలు, మళ్ళీ కాఫీ. మా వైపు ఒక మనిషిని తీసేయాలంటే ముందు అతని గౌరవం పెంచుతారు. రెండో కాఫీ రాగానే నాకు సంగతి అర్థమైంది.

"ఏవోయ్, నువ్వు మేనమామవి. రిసెప్షన్ నాడు నీ స్థానం ఎక్కడా? గుమ్మం దగ్గర. వచ్చినవాళ్ళందర్నీ నువ్వు పలకరిస్తే ఆ నిండుదనమే వేరు. బేస్‌దేముంది, మాస్టారు ఎడంచేత్తో కీబోర్డు మీద చూస్కుంటారు" అన్నారు బావగారు.

"ఆయ్, అలాగేనండి" అన్నాను. బావగారితో ఇంకో రకంగా మాట్లాడటం నాకు ఎవరూ నేర్పలేదు.

లోపలినుంచి మేనకోడలు వచ్చింది. "మావయ్య వాయించకపోతే నేను ఆ పాట పాడను నాన్నా. ఆ తర్వాత మీ అందరితో కలిసి ఎప్పుడు పాడతానో ఏంటో" అంది.

బావగారు కాజా మింగి, ఆలోచించి, తీర్పు చెప్పారు. పెళ్ళికి ముందు ఆదివారం మేడ మీద పరీక్ష. నాలుగు తీగలూ సమంగా వినపడితే నేను. లేదంటే మాస్టారి ఎడంచెయ్యి. ఆ ఎడంచేతికి నాకు లేని గౌరవం ఎక్కడినుంచి వచ్చిందో మాస్టారికి కూడా తెలియదు, పాపం ఆయన ఇబ్బందిగా కాఫీలోకి చూస్తూ కూర్చున్నారు.

అక్కడినుంచి సలహాలు మొదలయ్యాయి. డాక్టరుగారు నా తీగలను దంతాలను చూసినట్టు టార్చి వేసి చూసి, "నూనెండి" అన్నారు. నిజమే, మా సాధన సగం తిండి. అక్క పంపే గారెలు, రొయ్యల వేపుడు తిని చేతులు లుంగీకి తుడుచుకుని వాయిద్యాలు పట్టుకుంటాం. నా తీగలను ముక్కు దగ్గర పెట్టుకుంటే మసాలా వాసన వచ్చేది. నాలుగూ తీసేసి కొత్త తీగలు వేశాను. ఇప్పుడు నాలుగూ తళతళలాడుతూ, వెనకటి కన్నా స్పష్టంగా, వెనకటిలాగే ఎగుడుదిగుడుగా పలికాయి. మాస్టారు పికప్ ఎత్తు గురించి బోర్డు మీద బొమ్మ వేసి గంటసేపు చెప్పారు. నాకు అర్థమైంది ఒకటే, లావు తీగకు అయస్కాంతం మరీ దగ్గరైతే అది తీగను తన వైపు లాగి శ్రుతి కూడా పాడుచేస్తుంది. బావగారు ఎవరి మాటా వినకుండా నాబ్‌లన్నీ కుడివైపుకు తిప్పి, "ఇప్పుడు చూడు" అన్నారు. చూశాం. కిటికీ అద్దం ఒకటి పగిలింది.

నేను ఇంట్లో ఒంటరిగా కూర్చుని లావు తీగ వైపు పికప్ దించాను. సన్న తీగ వైపు వెంట్రుకవాసి లేపాను. ఒక్కో తీగ మీద ఒకే స్వరం వాయించి, కళ్ళు మూసుకుని, ఏ తీగ పలికిందో గుర్తుపట్టలేనంతవరకూ తిప్పుతూ పోయాను. కుదిరింది. మా ఆవిడ కూడా తలుపు దగ్గర నిలబడి, "ఇవాళేంటి, తలనొప్పి రావట్లేదు" అని మెచ్చుకుంది. ఆ ఆనందంతో మేడ మీద గదికి పట్టుకెళ్ళాను. అక్కడ లావు తీగ అసలు లేదు. నేను మీటుతున్నాను, తీగ ఊగుతోంది, శబ్దం మాత్రం ఎటో పోయింది.

"ఏంటోయ్, మళ్ళీ పాడుచేశావా?" అన్నారు బావగారు.

స్క్రూ మళ్ళీ పైకి తిప్పాను. ఇంటికొస్తే హోరు. దించాను. మేడెక్కితే మాయం. ఇంట్లో చిన్న స్పీకరు కాబట్టి అలా ఉందనుకున్నాను. తర్వాత గిటార్‌కి వాన చెమ్మ తగిలిందనుకున్నాను. ఆఖరికి నా చెవుల మీద అనుమానం వచ్చింది. వయసు మీద పడితే అంతేనని డాక్టరుగారు ఓదార్చారు. ఆయన నాకన్నా పెద్ద.

పరీక్షకు ముందు వారం చెరువులకు తెగులు తగిలి ఎవరూ రొయ్యలు పట్టలేదు. మేత కొనేవాళ్ళూ లేరు, ఐసు అడిగేవాళ్ళూ లేరు. దుకాణంలో ఈగలు తోలడం కన్నా నయమని గిటార్ తీసుకుని ఒక్కణ్ణే మేడెక్కాను. లావు తీగ వైపు పికప్ పూర్తిగా లేపి, తీగలు మీటుతున్నాను. బాగానే ఉంది, సమంగానే వినపడుతోంది. ఇంతలో కింద పనిలేక మిషన్లు ఆపేశారు.

ఒక్కసారిగా నా చేతుల్లోంచి ఉరుము లేచింది. గోడ మీది క్యాలెండరు ఊగింది. నేను భయపడి రెండు చేతులతో తీగలు అదిమిపట్టుకుని కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా మేం సాధన చేస్తున్నది ఒక పెద్ద మిషను నెత్తి మీద. దాని గొంతు, నా లావు తీగ గొంతు ఒకటే. అది పగలూ రాత్రీ గుంయ్‌మని మోగుతూ నా లావు తీగను మింగేస్తోంది. మింగినకొద్దీ మేం వడ్డిస్తూ వచ్చాం. మిషను లేని హాలుకి వెళ్ళేసరికి మేం వడ్డించిందంతా పెళ్ళివారి మీద పడింది. ఒక ఇంజనీరింగ్ మాస్టారు, ఒక డాక్టరు, ఒక ఫ్యాక్టరీ యజమాని, ఒక వ్యాపారస్థుడు కలిసి కూర్చుని కనిపెట్టలేనిది మిషను ఆగితే తెలిసింది. చదువులకేం తక్కువ లేదు మాకు.

జబ్బు తెలిసిన ఆనందం ఎంతోసేపు నిలవలేదు. ఈ మాట బావగారితో ఎవరు చెప్పాలి? గది ఆయనది. కరెంటు ఆయనది, గారెలు ఆయనవి. ఆ ఫ్యాక్టరీ ఆయన ప్రాణం. అందులో శబ్దం ఉందని ఆయనకే తెలియదు. అక్క చెప్పేది, మిషను ఆగిన రోజు ఆయనకు నిద్రపట్టదట, ఎవరో ఇంట్లోంచి వెళ్ళిపోయినట్టు ఉంటుందట. అలాంటి మనిషికి, అక్కను ఇచ్చుకున్న ఇంట్లో కాఫీ తాగుతూ, మీ ఫ్యాక్టరీ గోల వల్లే మీ కూతురు అపస్వరం పాడిందండి అని చెప్పడానికి నాకు నోరు రాదు. భీమవరంలో ఎవరికీ రాదు.

మేనకోడలితో మాత్రం చెప్పాను. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

"నాన్నకి చెప్పకు మావయ్యా. బాధపడతారు."

"చెప్పను. మరి ఇన్నాళ్ళూ నీకెలా వినపడిందే, ఆ చరణం ముందు సన్న తీగ?"

"నాకెక్కడ వినపడింది? ఆ గోలలో ఎప్పుడూ వినపడలేదు. అందుకే కదా వెనక్కి తిరిగేదాన్ని. నీ వేలు ఏ గడి మీద ఆగిందో చూసి అందుకునేదాన్ని. మొన్న పువ్వులు అడ్డమొచ్చాయి, నీ చెయ్యి కనపడలేదు."

నేను ఊపిన తలతో ఎవరికీ పనిలేదని ఆ విధంగా తెలిసింది. ఆ పిల్ల చూసింది నా వేలిని. కాస్త గుచ్చుకుంది, దాచడమెందుకు.

"రిసెప్షన్‌లో కూడా పువ్వులు పెడతారు. వాళ్ళకి పెట్టిందే పెట్టడం అలవాటు. వినపడేలా వాయించు మావయ్యా" అంది.

పరీక్ష రోజు వచ్చింది. దూరపు చెరువులనుంచి ఐసు బేరం రావడంతో కింద మిషన్లు మళ్ళీ తిరుగుతున్నాయి. నేను ఇంట్లో కుదిర్చిన ఎత్తులోనే స్క్రూలు ఉంచాను, ముట్టుకోలేదు. తేడా అంతా చేత్తోనే చేశాను. సన్న తీగను మామూలుగా మీటుతూ, లావు తీగ వచ్చినప్పుడల్లా బొటనవేలితో పగబట్టినట్టు బాదాను. కింద మిషను హోరుకీ నా బాదుడుకీ సరిపోయింది. వేలు బొబ్బలెక్కింది. పైకి మాత్రం చిరునవ్వుతో కూర్చున్నాను. బావగారు కళ్ళు మూసుకుని విన్నారు.

"ఇదీ సెట్టింగంటే. నేను మొదటినుంచీ చెబుతున్నది ఇదే. ఇక ముట్టుకోకు" అన్నారు.

"మీరు చెప్పినట్టే చేశానండి" అన్నాను. మాస్టారు తన ఎడంచేతికి గండం తప్పినట్టు ఊపిరి పీల్చుకున్నారు.

పెళ్ళి నాడు మేనకోడల్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసింది నేనే. పెళ్ళికి ముందు ఒళ్ళు తగ్గిస్తానని ఆ పిల్ల అందరికీ చెప్పింది. తగ్గించడం ఆ ఇంట్లో ఎవరికీ రాదని ముందే మనవి చేశాను. అలా పట్టేసిన నడుముతో పాలకొల్లు రిసెప్షన్‌కి గిటార్ భుజాన వేసుకుని వెళ్ళాను. స్టేజీ మీద నాకూ ఆ పిల్లకీ మధ్య బంతిపూల గోపురం ఉంది. ఈసారి ఇంకాస్త పెద్దది.

మొదలుపెట్టాం. హాలులో మిషను లేదు. నేను బొబ్బ మీద ప్లాస్టరు వేసుకుని లావు తీగను చంటిపిల్లను తాకినట్టు తాకాను. నాలుగు తీగలూ ఒకే మాట మీద ఉన్నాయి. సీసాలు కదలలేదు. ఎవరూ గుండె పట్టుకోలేదు. ఇంత బాగా జరుగుతుంటే వియ్యంకుడుగారు ఊరుకోలేకపోయారు. మిక్సరు దగ్గరకు వచ్చి, "బావగారూ, బేస్ కొంచెం పెంచండి. మొన్న భలే అదిరింది" అన్నారు. మొన్న అదిరింది తన గుండేనని మరిచిపోయారు. వియ్యంకుడి మాట కాదనడం మా బావగారి వల్ల అయ్యే పనా? నాబ్ కుడివైపుకు తిరిగింది. నేను వేళ్ళు తేలిక చేశాను. ఇంకొంచెం తిరిగింది. ఇంకొంచెం తేలిక చేశాను. ఆయన పెంచుతూ, నేను దించుతూ, మధ్యలో పాటకు దెబ్బ తగలకుండా సాగింది. వియ్యంకుడుగారు తన మాట చెల్లినందుకు సంతోషంగా వెళ్ళి కూర్చున్నారు.

మేనకోడలి పాట వచ్చింది. బరువైన పట్టుచీర, మెడ నిండా దండలు, చేతిలో మైకు. పల్లవి అయింది. చరణం ముందు అందరూ ఆగారు. నేను సన్న తీగ మీద ఎక్కడం మొదలుపెట్టాను. అలవాటుకొద్దీ తలెత్తి, తల ఊపడానికి సిద్ధంగా ఉన్నాను. పువ్వుల సందులోంచి ఆ పిల్ల జడ కనిపిస్తోంది. ఇప్పుడు తిరుగుతుందని చూశాను. ఒక్కో స్వరం హాలు చివరిదాకా వెళ్ళి వినపడుతోంది. ఆఖరి స్వరం మీద నా వేలు ఆగింది.

ఆ పిల్ల తిరగలేదు. ఎదురుగా తన కొత్త మనుషుల వైపు చూస్తూనే, సరిగ్గా ఆ స్వరంలోనే అందుకుంది.

తర్వాత భోజనాల దగ్గర బావగారు నా విస్తట్లో ఇంకో బూరె వేసి, "అంతా బాగుంది కానీ, నీ గిటారే ఇవాళ ఎక్కడా వినపడలేదోయ్" అన్నారు.

"ఆయ్, అవునండి" అన్నాను. అక్క నా మొహం చూసి ఏమైందని అడిగింది. నడుం నొప్పి అన్నాను. బుట్ట మోసింది నేనే కదా, అందరూ నమ్మారు.